ఊపిరితిత్తి ఆపరేషన్ తర్వాత ఎక్స్‌రే, సీటీ చదవడం ఎలా: మొదటి రాత్రి నుంచి మొదటి ఏడాది దాకా

నేను రేడియాలజీ పీజీ చేస్తున్న రోజుల్లో, కుడి ఊపిరితిత్తి మొత్తం తీసేసిన ఒక పేషెంటు ఎక్స్‌రే నా దగ్గరికి వచ్చింది. ఆపరేషన్ అయి తొమ్మిదో రోజు. కుడి ఛాతీలో సగం దాకా నీరు, దాని మీద గాలి. పుస్తకంలో బొమ్మ ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. ‘ఆపరేషన్ తర్వాత సహజంగా కనిపించే మార్పులే’ అని రాసి పంపేశాను. సాయంత్రం మా సార్ ఐదో రోజు ఫిల్మ్ తెచ్చి దాని పక్కన పెట్టారు. ఐదో రోజున నీటిమట్టం ఇంకా పైన ఉంది. పెరగాల్సిన నీరు నాలుగు రోజుల్లో రెండు వేళ్ల మేర దిగిపోయింది. ఎక్కడికి పోయింది? కుట్టి మూసిన శ్వాసనాళం ఊడి, అందులోంచి మంచిగా ఉన్న ఎడమ ఊపిరితిత్తిలోకి. రాత్రి నుంచి దగ్గు ఎక్కువైందని, కళ్లె పల్చగా ఎర్రనీళ్లలా పడుతోందని నర్సు కేస్ షీట్‌లో రాసింది కూడా. నేనే చూడలేదు.

ఆ ఫిల్మ్ ఒక్కటే చేతికిస్తే ఈ రోజుకీ అదే రిపోర్టు రాస్తానేమో. పాతది పక్కన పెడితే తప్ప అందులో ఉన్న ప్రమాదం తెలియదు. ఊపిరితిత్తి ఆపరేషన్ అయినవాళ్ల ఇమేజింగ్‌లో సగం పని ఇదే: ఈ రోజు ఎలా ఉందన్నదాని కన్నా నిన్నటి నుంచి ఎటు మారిందన్నది చూడాలి.

ఇది ముఖ్యంగా రాత్రి డ్యూటీలో ఉండే డాక్టర్లకి, కొత్త పీజీలకి, పోర్టబుల్ మెషిన్ తోసుకెళ్లే టెక్నీషియన్లకి. ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ అయి, ‘రోజూ ఎక్స్‌రే ఎందుకు తీస్తున్నారు’ అని అడిగేవాళ్లకి కూడా పనికొస్తుంది. మందు, మళ్లీ ఆపరేషన్ లాంటి నిర్ణయాలు మాత్రం మీ సర్జన్‌వే.

1. ఫిల్మ్ కన్నా ముందు ఆపరేషన్ నోట్స్

ఊపిరితిత్తిలోని పెద్ద భాగాల్ని లోబులంటారు: కుడివైపు మూడు, ఎడమవైపు రెండు. లోబులో చిన్న భాగం సెగ్మెంట్. చిన్న ముక్క తీస్తే వెడ్జ్, ఒక సెగ్మెంట్ తీస్తే సెగ్మెంటెక్టమీ, ఒక లోబు తీస్తే లోబెక్టమీ, మొత్తం తీస్తే న్యుమోనెక్టమీ. మన దగ్గర క్యాన్సర్‌కే కాదు, పాత టీబీ మిగిల్చిన గుంతలో ఫంగస్ ఉండ పెరిగి రక్తం పడుతున్నప్పుడు, శ్వాసనాళాలు పాడై వెడల్పయ్యే బ్రాంకియెక్టాసిస్‌కి, ఒక రకం పురుగు వల్ల వచ్చే హైడాటిడ్ తిత్తులకి, చీము గట్టిపడి ఊపిరితిత్తిని కట్టేసినప్పుడు ఆ పొరని ఒలిచే డీకార్టికేషన్‌కి కూడా ఈ ఆపరేషన్లు చేస్తారు. ఈ టీబీ, చీము కేసుల్లో ఊపిరితిత్తి చుట్టూ అతుకులు ఎక్కువ కాబట్టి రక్తం, గాలి లీకు, చీము మూడింటి భయమూ ఎక్కువే.

నోట్స్‌లో వెతకాల్సినవి: ఏ వైపు, ఏ లోబు, ఛాతీ తెరిచారా, కెమెరాతో చేశారా, గుండె పొర తెరిచారా, స్టంప్ (కోసి మూసిన శ్వాసనాళం మొండి) మీద కండ గానీ కొవ్వు గానీ కప్పారా, రక్తం ఆపడానికి లోపల సర్జిసెల్ లాంటిది వదిలారా, ఛాతీలోంచి గాలి, ద్రవం బయటి బాటిల్లోకి తీసే ఐసీడీ ట్యూబులు ఎన్ని. స్టంప్ మీద కప్పినదీ, లోపల వదిలినదీ చిన్న విషయాల్లా కనిపిస్తాయి గానీ సీటీ దగ్గర ఇవి తెలియకపోతే బోల్తా పడతాం. ఎందుకో కింద చెప్తాను.

తర్వాత, ఆపరేషన్ అయి ఎన్నో రోజో ఫిల్మ్ మూలన పెన్సిల్‌తో రాసుకోండి. ఒకే తెల్ల మచ్చకి రెండో రోజు ఒక అర్థం, పదో రోజు ఇంకో అర్థం.

2. ఈ ఫిల్మ్‌ని నమ్మొచ్చా?

మొదటి రెండు మూడు రోజులు దాదాపు అన్నీ పోర్టబుల్ ఫిల్ములే. పేషెంటు మంచం మీద ఉండగా ముందు నుంచి తీసేవి. వీటిలో గుండె ఉన్నదాని కన్నా పెద్దగా కనిపిస్తుంది. అసలు చిక్కు పొజిషన్‌తో. కూర్చోబెట్టి తీస్తే నీరు కిందకి, గాలి పైకి వెళ్లి మధ్యలో గీత గీసినట్టు మట్టం కనిపిస్తుంది. వెల్లకిలా పడుకోబెట్టి తీస్తే నీరు వీపు వెంబడి పరుచుకుని మసక తెరలా మాత్రమే ఉంటుంది. గాలి ఛాతీ ముందు భాగంలో, కింద చేరుతుంది. అప్పుడు పైన అంచు గీత కోసం వెతికి, లేదు కదా అని గాలి లేదనుకుంటాం. పడుకున్న ఫిల్మ్‌లో పక్కటెముకలకీ డయాఫ్రమ్‌కీ (ఛాతీనీ పొట్టనీ వేరుచేసే కండర పొర) మధ్య మూల అసహజంగా లోతుగా, నల్లగా కిందకి దిగి ఉంటే అక్కడే గాలి ఉంది.

అందుకే టెక్నీషియన్ తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక మనవి. పేషెంటు వీలైతే కూర్చోబెట్టండి. ఎన్ని గంటలకి తీశారో, కూర్చున్నారో పడుకున్నారో ఫిల్మ్ మీద వేయండి. నిన్న కూర్చోబెట్టి, ఈ రోజు సగం వాల్చి తీస్తే నీటిమట్టాలు పోల్చడం వృథా.

రొటేషన్ చూడండి. రెండు కాలర్ బోన్ల లోపలి చివరలు వెన్ను మధ్య గీతకి సమదూరంలో లేకపోతే మనిషి తిరిగి ఉన్నాడని లెక్క. అలాంటి ఫిల్మ్‌లో ట్రేకియా (మెడ నుంచి ఛాతీలోకి దిగే ప్రధాన శ్వాసనాళం) పక్కకి జరిగినట్టు కనిపిస్తే నమ్మకండి. ఊపిరి పూర్తిగా పీల్చకుండా తీసినా ఊపిరితిత్తి అడుగున తెల్లగా కనిపిస్తుంది. కోత నొప్పితో ఎవరూ గట్టిగా పీల్చలేరు, కాబట్టి ఫిల్మ్ తీసే ముందు నొప్పి మందు టైము చూసుకుంటే మేలు.

3. గొట్టాలు

శ్వాస గొట్టం ఇంకా ఉంటే దాని కొస ట్రేకియా చీలే చోటు, అంటే కరీనాకి సుమారు 5 సెంటీమీటర్ల పైన ఉండాలి. మెడ వంచితే 2 సెంటీమీటర్లు కిందకి, ఎత్తితే 2 సెంటీమీటర్లు పైకి కదులుతుంది. ఎడమ ఊపిరితిత్తి తీసేసిన మనిషికి గొట్టం ఎడమ స్టంప్ వైపు దూరితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఐసీడీ ట్యూబ్ మీద తెల్ల గీత ఉంటుంది. ఆ గీత ఎక్కడ తెగితే అక్కడ ఆఖరి రంధ్రం. ఆ తెగిన చోటు పక్కటెముకల లోపలే ఉండాలి. బయట, కండలో ఉంటే చర్మం కిందకి గాలి ఎక్కుతుంది, బాటిల్లో బుడగలు ఆగవు. బుడగలు చూసి ఊపిరితిత్తి లీకు అనుకుని రోజుల తరబడి ఎదురుచూసిన కేసులు నాకు తెలుసు. లీకు ట్యూబ్ రంధ్రం దగ్గరే. ట్యూబ్ మెలిక పడిందా, బాటిల్లో కాలమ్ ఊపిరితో పాటు ఆడుతోందా అన్నది మంచం దగ్గరికి వెళ్లి చూడాలి, అది ఫిల్మ్‌లో కనపడదు.

న్యుమోనెక్టమీ అయిన వైపు ట్యూబ్ ఉంటే దానికి సక్షన్ పెట్టకూడదు. గుండె, రక్తనాళాలు ఒక్కసారిగా ఆ ఖాళీలోకి లాగబడతాయి. ఐసీయూలో కొత్త సిస్టర్ వచ్చిన రోజు ఈ మాట మళ్లీ చెప్పండి.

సెంట్రల్ లైన్, ముక్కు గొట్టం కొసలు కూడా ఓ చూపు చూసి ముందుకి వెళ్లండి.

4. ఖాళీ అయిన చోటు ఎలా నిండుతోంది?

అసలు విషయం ఇక్కడే ఉంది. మీడియాస్టైనమ్ అంటే రెండు ఊపిరితిత్తుల మధ్య గుండె, ట్రేకియా, అన్నవాహిక, పెద్ద రక్తనాళాలు ఉండే నడిమి భాగం. దాని జరుగుడు, ఖాళీలో నీటిమట్టం: ఈ రెండూ రోజూ చూస్తే సగం కాంప్లికేషన్లు దొరికిపోతాయి.

లోబెక్టమీ అయితే మిగిలిన లోబులు ఉబ్బి సర్దుకుంటాయి. డయాఫ్రమ్ కాస్త పైకి లేస్తుంది, మీడియాస్టైనమ్ కొంచెం ఆపరేషన్ వైపు జరుగుతుంది. పైన ఒక చిన్న గాలి జేబు కొన్ని వారాలు మిగిలినా, పెరగకుండా, పేషెంటుకి జ్వరం, ఆయాసం లేకుండా ఉంటే దాన్ని వదిలేయడమే మంచిది.

న్యుమోనెక్టమీ కథ వేరు. 1933 ఏప్రిల్‌లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఎవార్ట్స్ గ్రాహమ్ క్యాన్సర్ ఉన్న ఒక డాక్టరు ఎడమ ఊపిరితిత్తి మొత్తాన్ని ఒకే విడతలో తీసేసినప్పుడు, అంత పెద్ద ఖాళీ ఏమవుతుందోనన్న భయంతో అదే ఆపరేషన్లో పక్కటెముకలు కూడా కొన్ని తీసి ఛాతీని లోపలికి కుదించాడు. ఆ పేషెంటు సర్జన్ కన్నా ఎక్కువ కాలం బతికాడు. గ్రాహమ్ మాత్రం 1957లో ఊపిరితిత్తి క్యాన్సర్‌తోనే పోయాడు. ఆ పక్కటెముకలు తీయక్కర్లేదని తర్వాతివాళ్లకి తెలిసింది, ఎందుకంటే ఒళ్లే ఆ ఖాళీని నింపుకుంటుంది.

ఎలా నింపుకుంటుందంటే, ఆపరేషన్ రోజు ఆ వైపంతా నల్లగా గాలి. ట్రేకియా మధ్యలో, లేదా కొంచెం ఆపరేషన్ వైపు. మర్నాటి నుంచి అడుగున నీరు చేరుతుంది. నాలుగైదు రోజులకి సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా నిండుతుంది. తర్వాత నెమ్మదిస్తుంది. గాలంతా పోయి పూర్తిగా తెల్లబడడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈ లోపు మీడియాస్టైనమ్ మెల్లగా ఆపరేషన్ వైపు జరుగుతూ పోతుంది, అటువైపు డయాఫ్రమ్ లేస్తుంది.

వేగం మనిషిని బట్టి మారుతుంది. దిశ మారకూడదు. నీరు పైకి, మీడియాస్టైనమ్ ఆపరేషన్ వైపుకి.

కొలవడానికి స్కేలుతో పాటు వెనక పక్కటెముకలు లెక్కపెట్టండి. ఈ రోజు మట్టం వెనక ఆరో పక్కటెముక ఎదురుగా ఉంటే అలాగే రాయండి. రేపు చూసేవాడికి ‘మితంగా నీరు ఉంది’ అన్న మాట ఎందుకూ పనికిరాదు.

ఇక ఎదురు తిరిగే గుర్తులు. ఒకే పొజిషన్లో తీసిన ఫిల్ముల్లో నీటిమట్టం ఒకటిన్నర, 2 సెంటీమీటర్లకి మించి దిగితే స్టంప్ ఊడిందని అనుమానించాలి. పూర్తిగా తెల్లబడిన చోట మళ్లీ గాలి బుడగ కనిపిస్తే అదీ అంతే, లేదా చీములో గాలి పుట్టించే క్రిములు చేరాయి. మీడియాస్టైనమ్ మంచి వైపుకి నెట్టబడుతుంటే ఖాళీలో ఏదో ఒత్తిడితో పెరుగుతోంది: గాలి, రక్తం, చీము, పాలలాంటి కైల్ ద్రవం, ఈ నాలుగింట్లో ఒకటి. అసలు ఎటూ జరగకుండా రోజుల తరబడి మధ్యలోనే నిలిచిపోయినా అనుమానించండి. చూడ్డానికి చక్కగా మధ్యలో ఉంది కదా అని సంతోషించే చోటు కాదది.

5. మొదటి రాత్రి, మొదటి మూడు రోజులు

రక్తం. గంటల వ్యవధిలో ఆ వైపు తెల్లబడిపోతుంటే రక్తమే అనుకోండి. ‘ఐసీడీలో ఏమీ రావట్లేదు సార్’ అన్న మాటతో ఊరట పడకండి. గడ్డకట్టి ట్యూబ్ మూసుకుపోతే బాటిల్ పొడిగానే ఉంటుంది, ఛాతీ నిండుతుంది. బీపీ తగ్గుతూ, నాడి పెరుగుతూ, ఫిల్మ్ తెల్లబడుతుంటే సీటీకి పంపే టైము కూడా ఉండదు, సర్జన్‌కి ఫోన్ చేయాలి. పేషెంటు నిలకడగా ఉండి అనుమానం మిగిలితే సీటీలో ద్రవం సాంద్రత కొలవొచ్చు. మామూలు నీరు 0 నుంచి 20 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ల మధ్య ఉంటుంది, తాజా రక్తం 35 నుంచి 70.

ఊపిరితిత్తి బయట ఛాతీలో గాలి చేరితే న్యుమోథొరాక్స్. అది ఒత్తిడితో పెరిగితే టెన్షన్ న్యుమోథొరాక్స్. పేషెంటు ఊపిరాడక, మెడ నరాలు ఉబ్బి, బీపీ పడిపోతుంటే ఎక్స్‌రే కోసం ఆగకూడదు. ఇది మంచం దగ్గర తేల్చాల్సిన విషయం. ముందు గాలి తీయాలి, ఫిల్మ్ తర్వాత.

లోబు మెలితిరగడం. చాలా అరుదు, కానీ ఒక్కసారి చూస్తే మర్చిపోరు. కుడి పై లోబు తీసేశాక మధ్య లోబు తన కాడ మీద తాను తిరిగిపోవడం ఎక్కువగా జరుగుతుంది. అందుకే చాలామంది సర్జన్లు దాన్ని కింది లోబుకి కలిపి కుట్టేస్తారు. ఫిల్మ్‌లో లోబు కొద్ది గంటల్లో తెల్లబడుతుంది, కుంచించుకుపోకుండా ఉబ్బి ఉంటుంది, ఉండాల్సిన చోట ఉండదు. దీన్ని న్యుమోనియా అనుకుని యాంటీబయాటిక్ మార్చి ఊరుకోవడం మామూలుగా జరిగే తప్పు. రెండో రోజుకే ఒక లోబు ఉబ్బెత్తుగా తెల్లబడితే కాంట్రాస్ట్ సీటీ (రక్తనాళాలు వెలిగి కనపడే మందు ఎక్కించి తీసేది) అడగండి. శ్వాసనాళం, పల్మనరీ ధమని (ఊపిరితిత్తికి రక్తం తెచ్చేది) రెండూ మొనదేలి ఒకే చోట ఆగిపోయి కనిపిస్తాయి, లోబుకి కాంట్రాస్ట్ సరిగా ఎక్కదు. వెంటనే తెరవాలి.

గుండె జారడం ఇంకా అరుదు. గుండె పొర తెరిచి చేసిన న్యుమోనెక్టమీల్లో, చాలావరకు మొదటి 24 గంటల్లో, పేషెంటుని పక్కకి తిప్పినప్పుడో దగ్గినప్పుడో గుండె ఆ కంతలోంచి బయటికి వస్తుంది. కుడివైపైతే గుండె మొత్తం కుడి ఛాతీలో కనిపిస్తుంది. ఎడమవైపైతే గుండె అంచున గుండ్రని ఉబ్బు, దాని పక్కన ఒక నొక్కు. ఇందుకే గుండె పొర తెరిచారా అని నోట్స్‌లో చూడమన్నాను.

మిగిలిన ఊపిరితిత్తిలో నీరు చేరడం, అంటే ఎడీమా, మొదటి మూడు రోజుల్లో మొదలవుతుంది. కుడి న్యుమోనెక్టమీ అయినవాళ్లలో ఎక్కువ. మంచి ఊపిరితిత్తి అంతటా మసక, గీతలు పడినట్టు మొదలై తెల్ల మచ్చలుగా ముదురుతుంది. ఫిల్మ్ చూశాక ఫ్లూయిడ్ చార్టు కూడా చూడండి.

వీటన్నిటి కన్నా రోజూ కనపడేది మాత్రం కళ్లె అడ్డుపడి లోబు ముడుచుకుపోవడం, అటెలెక్టాసిస్. తెల్లబడిన చోటు చిన్నదవుతుంది, పక్కవి దాని వైపుకి లాగబడతాయి. నెట్టుడుకీ లాగుడుకీ తేడా తెలిస్తే రక్తం, నీరు ఒకవైపు, అటెలెక్టాసిస్ ఇంకోవైపు విడిపోతాయి. ఫిజియోథెరపీకి కదలకపోతే బ్రాంకోస్కోపీతో (శ్వాసనాళంలోకి పంపే కెమెరా గొట్టం) కళ్లె తీస్తారు.

6. మొదటి వారం: గాలి లీకు, చర్మం కింద గాలి, పాలనీరు

ఐదు రోజులు దాటినా బాటిల్లో బుడగలు ఆగకపోతే దాన్ని ప్రొలాంగ్డ్ ఎయిర్ లీక్ అంటారు. ముందు చెప్పినట్టు ట్యూబ్ రంధ్రం చూశాక, ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుందా లేదా అన్నది చూడండి. విచ్చుకుని లీకు ఉంటే ఓపిక పట్టొచ్చు. విచ్చుకోకుండా గాలి జేబు పెద్దదవుతుంటే ట్యూబ్ సరైన చోట లేదేమోనని సీటీ అవసరం పడుతుంది.

చర్మం కింద గాలి చేరితే మెడ, ముఖం ఉబ్బి బంధువులు హడలిపోతారు. వేలితో నొక్కితే మరమరాల మూట నొక్కినట్టు ఉంటుంది. ఫిల్మ్‌లో ఛాతీ కండ పోగులు పోగులుగా విడిపోయి ఆకు ఈనెల్లా కనిపిస్తుంది. చూడ్డానికి భయంగా ఉన్నా అదే ప్రమాదం కాదు. ఆ గీతల వెనక న్యుమోథొరాక్స్ దాక్కుంటుంది, ఇబ్బంది అది. ఇలాంటప్పుడు ఎక్స్‌రేతో కుస్తీ పట్టకుండా సీటీకి వెళ్లడం నయం.

పాలనీరు, కైలోథొరాక్స్. అన్నం మొదలుపెట్టాక ట్యూబ్‌లో తెల్లగా పాలలా వస్తుంటే థొరాసిక్ డక్ట్ (పేగుల నుంచి కొవ్వుతో కూడిన కైల్ ద్రవాన్ని ఛాతీ గుండా మోసే నాళం) గానీ దాని కొమ్మ గానీ తెగింది. ఉపవాసంలో ఉన్నప్పుడు మామూలు నీరులాగే ఉంటుంది కాబట్టి రంగు చూసి లేదనుకోకూడదు. న్యుమోనెక్టమీ వైపు లెక్క కన్నా వేగంగా నిండి, మీడియాస్టైనమ్‌ని నెడుతుంటే ఇది గుర్తుకు రావాలి. సాంద్రత చూసి తేల్చలేం. ద్రవంలో ట్రైగ్లిజరైడ్స్ డెసిలీటరుకి 110 మిల్లీగ్రాములు దాటితే దాదాపు ఖాయం. చిల్లు ఎక్కడుందో చూడాలంటే లిపియోడాల్ అనే నూనె మందు ఎక్కించి ఆ నాళాల బొమ్మ తీసే లింఫాంజియోగ్రఫీ చేస్తారు. ఒక్కోసారి ఆ నూనె మందే చిల్లుని మూసేస్తుంది కూడా.

డయాఫ్రమ్‌ని కదిలించే ఫ్రెనిక్ నరం దెబ్బతింటే అది లేచి ఉంటుంది. లోబెక్టమీ తర్వాత అది ఎలాగూ లేస్తుంది కనుక ఫిల్మ్ చూసి చెప్పలేం. అల్ట్రాసౌండ్ పెట్టి ముక్కుతో గట్టిగా ఎగపీల్చమనండి. దిగాల్సిన డయాఫ్రమ్ పైకి ఎగిస్తే నరం పనిచేయట్లేదు.

7. రెండో వారం: స్టంప్

మొదట్లో చెప్పిన నా తప్పు ఈ వారానిదే. బ్రాంకోప్లూరల్ ఫిస్టులా, అంటే మూసిన శ్వాసనాళం మొదలు విడిపోయి ఛాతీ ఖాళీతో కలవడం, ఎక్కువగా 8 నుంచి 12 రోజుల మధ్య బయటపడుతుంది. పేషెంటు ఇంటికి వెళ్లే తొందరలో ఉంటాడు, ఫిల్ములు తగ్గిపోయి ఉంటాయి. లోబెక్టమీ కన్నా న్యుమోనెక్టమీ తర్వాత ఎక్కువ. ఎడమ కన్నా కుడి ఎక్కువ. ఎడమ స్టంప్ అయోర్టా వంపు కింద, చుట్టూ కండతో దాగి ఉంటుంది. కుడిది బయటికి తెరుచుకుని ఉంటుంది, దానికి రక్తం అందించే నాళాలూ తక్కువ.

నీటిమట్టం దిగడం, కొత్తగా గాలి కనిపించడం, మంచి ఊపిరితిత్తిలో కింది భాగాన కొత్త తెల్ల మచ్చలు. ఈ మూడూ కలిస్తే రిపోర్టు టైపు చేసే పని తర్వాత చూసుకోవచ్చు. ముందు వార్డుకి ఫోన్ చేసి పేషెంటుని కూర్చోబెట్టమనండి, లేదా ఆపరేషన్ అయిన వైపు కిందకి ఉండేలా పడుకోబెట్టమనండి. మంచి వైపు కింద ఉంటే ఆ నీరంతా అందులోకి దిగి మనిషి తన నీళ్లలోనే మునిగిపోతాడు. సర్జన్ వచ్చి ట్యూబ్ వేసేదాకా ఈ ఒక్క పని ప్రాణం నిలబెడుతుంది.

తర్వాత పల్చని కోతల సీటీ. స్టంప్ నుంచి ఖాళీలోకి దారి ఒక్కోసారి నేరుగా కనిపిస్తుంది. ఎక్కువసార్లు స్టంప్ పక్కన చిన్న గాలి బుడగలు మాత్రమే. సీటీలో దారి కనపడలేదు కాబట్టి ఫిస్టులా లేదని రాయకండి, బ్రాంకోస్కోపీతోనే తేలుతుంది.

దీనికి తోడుగా వచ్చేది చీము. పాత న్యుమోనెక్టమీ ఖాళీకి మీడియాస్టైనమ్ వైపు అంచు మామూలుగా లోపలికి వంగి ఉంటుంది. అది నిటారుగా మారి, తర్వాత మీడియాస్టైనమ్‌లోకి ఉబ్బుకొస్తే లోపల చీము పెరుగుతోంది. పొర మందంగా, కాంట్రాస్ట్ పట్టి మెరుస్తుంది. ఆపరేషన్ అయిన ఏళ్ల తర్వాత కూడా ఇది రావచ్చు.

రక్తపు గడ్డల గురించి రెండు మాటలు. హఠాత్తుగా ఆయాసం వచ్చి ఫిల్మ్‌లో దానికి తగ్గ కారణం లేకపోతే పల్మనరీ ఎంబాలిజం (గడ్డ కొట్టుకొచ్చి ఊపిరితిత్తి ధమనిలో అడ్డుపడటం) కోసం సీటీ యాంజియో చేయాలి. ధమని మొండి కొసలో చిన్న గడ్డ కనిపించడం ఎంబాలిజం కాకపోవచ్చు. రక్తం కదలని చోట అక్కడికక్కడే ఏర్పడి ఉంటుంది, ఎక్కువగా కుడివైపు, అక్కడ మొండి పొడుగు కనుక. రెండోది తక్కువమందికి తెలిసిన సంగతి: ఎడమ పై లోబు తీసినవాళ్లలో పల్మనరీ సిర మొండి పొడవుగా మిగిలి అందులో గడ్డ కట్టవచ్చు. అది ఎడమ ఏట్రియం గుండా మెదడుకి పోతే పక్షవాతం. కాంట్రాస్ట్ సీటీ చూస్తున్న ప్రతిసారీ ఆ సిర కొసని చూడటం అలవాటు చేసుకోండి.

8. అల్ట్రాసౌండ్ ఎప్పుడు?

మంచం దగ్గరే, రేడియేషన్ లేకుండా, ద్రవం ఉందా లేదా, సూది ఎక్కడ పెట్టాలి అన్న ప్రశ్నలకి ఇంతకన్నా మంచి సాధనం లేదు. నిల్చోబెట్టి తీసిన ఎక్స్‌రేలో మూల మూసుకుపోవాలంటే సుమారు 200 మిల్లీలీటర్లు చేరాలి, అల్ట్రాసౌండ్ అందులో కొద్ది భాగాన్నే పట్టేస్తుంది. లోపల పొరలు పొరలుగా గదులు కట్టిందా అన్నది సీటీ కన్నా దీనిలోనే బాగా తెలుస్తుంది.

గాలి విషయంలో జాగ్రత్త. ఊపిరితిత్తి జారుతూ కదలడం కనపడకపోతే న్యుమోథొరాక్స్ అని నేర్పుతారు. ఆపరేషన్ తర్వాత అతుకుల వల్ల, లేదా ఊపిరితిత్తే లేనందువల్ల కూడా ఆ కదలిక ఉండదు. చర్మం కింద గాలి ఉంటే అసలు బొమ్మే రాదు.

9. సీటీ అడిగేటప్పుడు ఏం రాయాలి?

‘సీటీ ఛాతీ, ఆపరేషన్ అయింది’ అని మాత్రమే రాసి పంపే చీటీలు నాకు రోజుకి నాలుగైనా వస్తాయి. ఏం అనుమానమో రాయకపోతే స్కాన్ ఎలా చేయాలో తెలియదు. ఎంబాలిజం అయితే కాంట్రాస్ట్ టైమింగ్ వేరు, చీము అయితే వేరు, స్టంప్ అయితే ఒక మిల్లీమీటరు కోతలు కావాలి. అన్నవాహికకి చిల్లు అనుమానం ఉంటే తాగే కాంట్రాస్ట్ కూడా కావాలి. అందుకు గ్యాస్ట్రోగ్రాఫిన్ అనే తాగే మందు వాడకండి. అది ఫిస్టులా గుండా ఊపిరితిత్తిలోకి పోతే ఎడీమా తెస్తుంది. ఒంట్లోంచి నీటిని అంతగా లాగని, అంటే లో ఆస్మోలార్ నాన్ అయానిక్ కాంట్రాస్ట్ వాడాలి. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు పేషెంటుతో పాటే పంపండి.

ఇప్పుడు బోల్తా కొట్టించే మూడు. సర్జిసెల్ లోపల వదిలితే కొన్ని వారాల పాటు గాలి బుడగలు చిక్కుకున్న ముద్దలా కనిపిస్తుంది, అచ్చం చీముగడ్డే. స్టంప్ మీద కప్పిన కొవ్వు లేదా కండ, మళ్లీ వచ్చిన క్యాన్సర్ గడ్డలా కనిపిస్తుంది. స్టేపుల్ గీత పక్కన మందంగా పెరిగిన మచ్చ కూడా అంతే. మొదటిది చూసి అనవసరంగా ఛాతీ తెరిచిన సంగతి నాకు తెలుసు. నోట్స్‌లో ఒక్క లైను చదివి ఉంటే సరిపోయేది.

రేడియేషన్ గురించి బంధువులు అడుగుతారు. ఒక ఛాతీ ఎక్స్‌రే చాలా తక్కువ, నిలబడి తీసినది సుమారు 0.02 మిల్లీసీవర్ట్. ఛాతీ సీటీ సుమారు 5 నుంచి 7. భూమ్మీద ఊరికే బతుకుతున్నందుకు ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు ఎలాగూ అందుతాయి. అందుకని రోజూ ఎక్స్‌రే అంటే భయం అక్కర్లేదు గానీ, బాగా కోలుకుంటున్న మనిషికి కేవలం అలవాటుగా రోజూ తీయడం కూడా నాకు నచ్చదు. ఆపరేషన్ అయిన వెంటనే ఒకటి, ట్యూబ్ తీశాక కొన్ని గంటలకి ఒకటి, డిశ్చార్జ్ ముందు ఒకటి, మధ్యలో కారణం ఉన్నప్పుడల్లా. న్యుమోనెక్టమీకి మాత్రం మొదటి రోజుల్లో ఈ పిసినారితనం వద్దు.

10. ఇంటికి వెళ్లాక

క్యాన్సర్‌కి తొలి దశల్లో ఆపరేషన్ అయినవాళ్లకి మొదటి రెండు మూడేళ్లు ఆరునెలలకోసారి, తర్వాత ఏడాదికోసారి సీటీ చేయడం వాడుకలో ఉన్న పద్ధతి. పెట్ సీటీ (చురుగ్గా ఉన్న కణాలు వెలిగి కనిపించే స్కాన్) తొందరపడి చేయిస్తే మానుతున్న గాయమే వెలిగి క్యాన్సర్ తిరిగొచ్చిందన్న భయం పుడుతుంది. కనీసం మూడు నెలలు ఆగడం మంచిది.

ఒకటి ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. పిల్లల్లో, పడుచువాళ్లలో కుడి ఊపిరితిత్తి మొత్తం తీశాక, ఎక్కువగా మొదటి ఏడాదిలో, మీడియాస్టైనమ్ మరీ ఎక్కువగా కుడికి తిరిగిపోయి ఎడమ శ్వాసనాళం వెన్నెముకకీ పల్మనరీ ధమనికీ మధ్య నలిగిపోతుంది. మెట్లెక్కితే ఆయాసం, ఊపిరిలో ఈల. ఆస్తమా అనుకుని ఇన్‌హేలర్లు వాడుతూ నెలలు గడిపేస్తారు. సీటీ ఊపిరి పీల్చి ఒకసారి, వదిలి ఒకసారి తీస్తే నలిగిన చోటు కనిపిస్తుంది. ఖాళీలో ఇంప్లాంట్ పెట్టి మీడియాస్టైనమ్‌ని మళ్లీ మధ్యకి తెస్తారు.

ఇంటివాళ్లకి ఒక పని. డిశ్చార్జ్ రోజున తీసిన ఆఖరి ఎక్స్‌రే, స్కాన్ సీడీ, ఆపరేషన్ నోట్స్ కాపీ అడిగి తీసుకోండి. ఫోన్‌తో ట్యూబ్‌లైటు ముందు తీసిన ఫొటో సరిపోదు. ఒక్కోసారి ఫిల్మ్ తిరగేసి పట్టుకుని తీస్తారు, కుడి ఎడమలు మారిపోతాయి. కవరు మీద తేదీ పెద్దగా రాసి, మడత పెట్టకుండా బీరువాలో నిలబెట్టి ఉంచండి. అర్ధరాత్రి ఆయాసం వచ్చి ఊళ్లో వేరే ఆసుపత్రికి పరిగెత్తాల్సి వస్తే, ఆధార్ కార్డు కన్నా ముందు ఆ కవరు చేతిలోకి తీసుకోండి.